నాలుకాయన రుచి చూసిన సూప్

ముందు శబ్దం వినిపిస్తుంది. కొత్త గుడ్డను ఒక్క లాగులో చింపినట్టు ఉంటుంది. ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత రేకు తొట్టిలో నీళ్లు పడిన చప్పుడు. మళ్లీ గుడ్డ చిరుగుతుంది. మెట్లెక్కి వస్తున్న కొత్తవాళ్లు సగంలో ఆగి, పైన ఎవరో దర్జీ భార్యతో పోట్లాడి వచ్చాడేమో అనుకుంటారు. తీరా పైకి వెళ్లి చూస్తే దర్జీ లేడు, గుడ్డ లేదు. తెల్లకోటు వేసుకున్న ఒక బక్కపలచటి మనిషి పొడవాటి బల్ల వెంట నడుస్తుంటాడు. బల్ల మీద వరసగా నలభై తెల్లకప్పులు. ఒక్కో కప్పులోంచి చెంచాడు టీ తీసుకుని, పెదాల దగ్గర గాలితో కలిపి లోపలికి లాగి, నోరంతా తిప్పి, పక్కనున్న తొట్టిలో ఉమ్మేసి, ముందుకు కదులుతాడు.

టీ రుచి చూసి మార్కులు వేయడం ఆయన ఉద్యోగం. ముప్పై ఒక్కేళ్లుగా అదే బల్ల, అదే కిటికీ, అదే ఉత్తరపు వెలుతురు. ఆఫీసులోనూ ఇంటి వీధిలోనూ ఆయన్ని అందరూ నాలుకాయన అంటారు. ఏ ఆకు కోశాక ఎండలో ఎక్కువసేపు ఉందో, ఏ మూటను లారీలో సబ్బుల పెట్టె పక్కన పెట్టారో ఒక్క గుక్కలో చెప్పేవాడు. అలా అని ఊరికే గొప్పలు పోయే మనిషి కాదు. ఒకటే లోపం. ఆ శబ్దం ఇంటికి కూడా వెంట వచ్చేది. నలుగురిలో భోజనానికి కూర్చుంటే, లెక్కల టీచరైన ఆయన భార్య బల్ల కింద మోకాలి మీద చెయ్యి వేసి ఉంచేది. ప్రేమతో అనుకునేవారు చూసినవాళ్లు. అది బ్రేకు.

నాలుగు నెలల కిందట ఆయనకు జ్వరం వచ్చింది. వారం రోజులు పడుకుని లేచాడు. లేచిన రోజున భార్య ఇచ్చిన కాఫీ వేడిగా, తియ్యగా, చేదుగా ఉంది. కాఫీలా మాత్రం లేదు. సబ్బు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నునుపుగా ఉంది, అంతే. అలమర తెరిచి చీరల మధ్య మొహం పెట్టాడు. మెత్తగా ఉంది, అంతే. ఆ తర్వాత వాన పడితే తడి కనిపించేది గాని, వాన వస్తున్నట్టు ముందుగా తెలిసేది కాదు. భార్య పక్కన కూర్చుంటే ఇద్దరి మధ్యా ఎవరో అద్దం దించినట్టుండేది.

ఎవరికీ చెప్పలేదు. వాసన పట్టే ముక్కు లేకపోతే టీకి నాలుక ఒక్కటీ చాలదు. ఆ సంగతి ఆయనకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. రేపు వస్తుంది, ఎల్లుండి వస్తుంది అనుకుంటూ నాలుగు నెలలు గడిపాడు. ఆఫీసులో ఆయనతో పాటు రుచి చూసే ఆవిడ ఒకరున్నారు, పదిహేనేళ్లు చిన్న. "ముందు మీరు చెప్పండమ్మా" అనడం అలవాటు చేసుకున్నాడు. ఆవిడ అది గౌరవం అనుకుంది. ఆయన ఆవిడ కనుబొమ్మ చూసేవాడు. కుడి కనుబొమ్మ లేస్తే మంచి ఆకు. పెదవి లోపలికి పోతే ఏదో తేడా. దాన్నిబట్టి, రంగును బట్టి, ఆకు తీరును బట్టి మార్కు వేసేవాడు. వేసిన ప్రతిసారీ చెవులు వేడెక్కేవి. సంగతి బయటపడితే ఈ బల్ల దగ్గర నిలబడనివ్వరు. నిలబడకపోతే తాను ఎవరు? ఆ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి ఆయన ఆలోచన మెట్టు తప్పినట్టు తూలేది.

ఇంట్లో సంగతి వేరు. వంటకు వంకపెట్టడం మానేశాడు. భార్య సంతోషపడింది.

వీధి మలుపులో ఇదివరకు గడియారాల కొట్టు ఉండేది. ఆ గదిలో రామెన్ హోటలు తెరిచారు, జపాను వాళ్ల నూడుల్స్ సూపు అమ్మేది. ఓడల్లో ఇరవయ్యేళ్లు వంటచేసి, మోకాళ్లు అరిగాక నేల మీదికి దిగిన ఒకావిడ తెరిచింది. వీధి ఆవిడకు ఓడావిడ అని పేరు పెట్టేసింది. తొమ్మిది ఎత్తు స్టూళ్లు, ఒక పొడుగు చెక్క, దాని వెనక పొయ్యి. పొయ్యి మీద చిన్నపిల్ల స్నానం చేయగలిగినంత డేగిసా. అందులో ఎముకలు పన్నెండు గంటలు ఉడుకుతాయి.

"ఏమండీ, ఏదో రామెన్ అట. స్టాఫ్ రూములో రెండు రోజులుగా అదే గొడవ. వెళ్దామా?" అంది భార్య ఒక సాయంత్రం.

నాలుకాయన హోటలు గుమ్మం దగ్గర ఆగిపోయాడు. లోపల్నుంచి తన శబ్దమే వినిపిస్తోంది. ఏడు నోళ్లు ఒకదాని వెంట ఒకటి గుడ్డలు చింపుతున్నాయి. గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది: చప్పుడు చేస్తూ తినండి, వేడి తగ్గుతుంది. భార్య దాన్ని రెండుసార్లు చదివింది.

"ఇన్నేళ్లకి మీకో చోటు దొరికింది. ఇవాళ నా చెయ్యికి సెలవు" అంది.

గిన్నెలు వచ్చాయి. చిక్కటి సూపు, అందులో మడత పెట్టిన నూడుల్స్, సగం కోసిన గుడ్డు, పైన కొద్దిగా ఉల్లికాడలు. నాలుకాయన వాచీ విప్పి గిన్నె పక్కన పెట్టుకున్నాడు. చేతులు కట్టుకుని కూర్చున్నాడు. టీ బల్ల దగ్గర నీళ్లు పోశాక అయిదు నిమిషాలు ఆగి, వడకట్టి, కాస్త చల్లారాక చెంచా ముంచాలి. ముప్పై ఒక్కేళ్ల అలవాటు, ముందున్న గిన్నెలో ఏముందో అడగదు.

ఓడావిడ రెండుసార్లు అటు చూసి, మూడోసారి దగ్గరికి వచ్చింది.

"ఎవరైనా రావాలా సార్?"

"లేదమ్మా. ఇంకా మూడు నిమిషాలుంది."

"దేనికి?"

"రుచి చూడ్డానికి."

ఆవిడ గిన్నెలోకి చూసింది. ఆయన మొహంలోకి చూసింది. "మీరు గడియారం చూసుకుంటుంటే అవి అక్కడ లావెక్కుతున్నాయి. ఇది ఇక్కడున్న గడియారాల కొట్టు అలవాటా, మీదా?" అంటూ గిన్నె తీసేసి ఇంకోటి తెచ్చి పెట్టింది. "ఈసారి వాచీ చూశారంటే లాక్కుంటాను. ఊఁ, కానివ్వండి."

ఆయన వంగి, చెంచా బదులు ఇచ్చిన రెండు పుల్లలతో నూడుల్స్ ఎత్తి, లాగాడు.

హోటలు ఒక్కసారిగా చప్పబడింది. పక్క స్టూలు మీదున్న డ్రైవింగ్ మాస్టారు పుల్లలు కింద పెట్టాడు. "సార్, నేను పాతికేళ్లుగా లారీ నేర్పిస్తున్నా. గేరు ఇంత శుభ్రంగా మార్చినవాణ్ణి చూళ్లేదు" అన్నాడు. అందరూ నవ్వారు. నాలుకాయన కూడా నవ్వబోయి, నోట్లో ఉన్నది ఉమ్మడానికి అలవాటుగా పక్కకు తొట్టి కోసం చూశాడు. భార్య చెయ్యి మోకాలి మీద పడింది. మింగాడు.

"ఎక్కడ నేర్చుకున్నారండీ ఇది?" అంది ఓడావిడ.

"ఉద్యోగం. దానికి జీతం కూడా ఇస్తారు" అంది భార్య. టీ సంగతి, మార్కుల సంగతి, నాలుకాయన అనే పేరు సంగతి అన్నీ చెప్పేసింది. పెళ్లయిన ఇన్నేళ్లలో భార్య ఆ శబ్దం గురించి గర్వంగా మాట్లాడటం ఆయన వినడం అదే మొదలు.

ఓడావిడ చేతులు తుడుచుకుని ఎదురుగా నిలబడింది. "మరి చెప్పండి. ఎలా ఉంది?"

ఆయనకు తెలిసినవి వేడి, ఉప్పు, నూడుల్స్ జారుడు, పెదాలకు అంటుకునే జిగురు, గుడ్డు మధ్యలోని వణుకు. "సూపుకి ఒళ్లు బాగుంది" అన్నాడు. టీ వాళ్లు నోట్లో తెలిసే బరువును ఒళ్లు అంటారు. అందులో అబద్ధం లేదు. నాలుగు నెలల్లో తిండి గురించి అబద్ధం కాని మాట అనడం అదే మొదటిసారి. ఆ మాట కోసం ఎంత ఆకలిగా ఉన్నాడో అన్నాక తెలిసింది. వాసన తెలియనివాడికి కూడా ఆ గిన్నె చాలా మిగిల్చింది. తర్వాతి పది రోజుల్లో మరో మూడుసార్లు వెళ్లారు.

అయిదోసారి వెళ్లింది శనివారం సాయంత్రం. రెండు తప్ప స్టూళ్లన్నీ నిండి ఉన్నాయి, గుమ్మం బయట బల్ల మీద మరో అయిదారుగురు కూర్చున్నారు. భార్యాభర్తలకు ఎప్పటి స్టూళ్లే ఉంచింది ఓడావిడ. కాని మాట్లాడలేదు. గరిటె చేత్తో పట్టుకుని డేగిసా ముందు నిలబడి ఉంది. ఎవరికీ వడ్డించడం లేదు.

"సార్, మీరొచ్చారు, బతికాను" అంది. చిన్న కప్పులో సూపు పోసి ఆయన ముందు పెట్టింది. గొంతు తగ్గించింది గాని ఆ గదిలో తగ్గించిన గొంతు కూడా అందరికీ వినిపిస్తుంది. "మధ్యాహ్నం సామాను దింపించుకుంటుంటే మంట చూసుకోలేదు. అడుగంటిందేమోనని అనుమానం. పొద్దుట్నుంచీ ఆవిరిలో నిలబడి నా ముక్కు మొద్దుబారిపోయింది, నాకేమీ తెలియట్లేదు. ఒక్క గుక్క తాగి చెప్పండి. మాడు వాసన ఉందంటే పారబోసి తలుపు మూసేస్తాను. లేదంటే వడ్డిస్తాను. మీ మాటే."

"సార్ చెప్తే అంతే" అన్నాడు డ్రైవింగ్ మాస్టారు. "ఈ హోటలు రాకముందు మాలో ఇది తిన్నవాడెవడు? మాడిందో, మాడితేనే బాగుంటుందో మాకేం తెలుసు?"

నాలుకాయన కప్పు ఎత్తాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. గాలి వెచ్చగా లోపలికి వెళ్లింది, వచ్చింది. ఏమీ చెప్పలేదు. లాగాడు. ఉప్పు, వేడి, ఒళ్లు. నాలుక మొదట్లో ఎక్కడో కాస్త చేదు. అది ఎముకల చేదా, మాడిన చేదా? ఆ రెండింటికీ మధ్య గీత గీసేది వాసనే. ఆయన ఆ చేదు చుట్టూ నోట్లోనే తిరిగాడు, చీకటి గదిలో స్విచ్చి కోసం గోడ తడిమినట్టు. పదిహేను జతల కళ్లు ఆయన మీదున్నాయి. తెలియడం లేదు అనడానికి నోరు తెరిచాడు. ఆ నోటికి ముప్పై ఒక్కేళ్లుగా ఆ మాట అలవాటు లేదు.

"బాగుంది" అన్నాడు. "మాడు లేదు. వడ్డించండి."

ఓడావిడ భుజాలు దిగాయి. గరిటె కదిలింది. గిన్నెలు వరసగా చెక్క మీదికి వచ్చాయి. ఒకటి, రెండు, మూడు. మొదటి గుక్క తాగిన డ్రైవింగ్ మాస్టారు ఒక్క క్షణం ఆగి, నాలుకాయన వైపు చూసి, తల ఊపాడు. "ఇవాళ ఇంకా గట్టిగా ఉంది. ఇదేనేమో దీని అసలు రుచి" అన్నాడు. అతని పక్కనున్నావిడ మొహం ముడుచుకుని, మళ్లీ సర్దుకుని, "మనకి అలవాటు కావాలి" అంది. అందరూ తమ నాలుకల్ని పక్కనపెట్టి ఆయన నాలుకతో తింటున్నారు.

ఆయన భార్య వైపు చూశాడు.

ఆమె చెంచా నోట్లో పెట్టుకుంది. కదలలేదు. తర్వాత చాలా నెమ్మదిగా ఆయన వైపు తిరిగింది. ఈసారి ఆయన ఏ కనుబొమ్మా వెతుక్కోనక్కర్లేకపోయింది. లెక్క తేలిపోయిన మొహం అది. జ్వరం, వంకలు లేని నాలుగు నెలలు, ఒకరోజు పొయ్యి మీద పాలు మాడుతుంటే పక్కనే కూర్చుని పేపరు చదవడం, అన్నీ వరసగా పేర్చుకుని కింద గీత గీసింది. చెంచా ముంచింది, తాగింది. మళ్లీ ముంచింది. ఆయన మాట నిలబెట్టడానికి ఆ మాడిన సూపు చుక్క మిగలకుండా తాగబోతోంది.

నాలుగో చెంచా దగ్గర ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. స్టూలు మీద నుంచి దిగాడు. దిగేటప్పుడు తూలాడు.

"అమ్మా" అన్నాడు ఓడావిడతో. "ఆపండి. అది పారబొయ్యండి. మాడింది."

"ఇప్పుడేగా సార్ బాగుందన్నారు."

"నాకు వాసన తెలియదు. నాలుగు నెలలయింది. తెలిసినట్టు చెప్పాను."

డేగిసా చిన్నగా గుడగుడలాడుతోంది. ఎవరూ లాగడం లేదు. ఓడావిడ గరిటె పక్కన పెట్టింది. పొయ్యి ఆర్పింది. ఆయన వైపు కోపంగా చూడాలో, మామూలుగా చూడాలో తేల్చుకోలేనట్టు చాలాసేపు చూసింది.

"ఆ మాట మొదటే అనుంటే ఈ ఏడు గిన్నెలూ పెట్టేదాన్ని కాదు సార్. ఊళ్లోకి కొత్తగా వచ్చినదాన్ని" అంది. అంతే అంది. అట్టముక్క మీద ఇవాళ లేదు అని రాసి తలుపుకి తగిలించింది. డ్రైవింగ్ మాస్టారు లేచి డేగిసా ఒక చెవి పట్టుకున్నాడు. రెండో చెవి పట్టుకోవడానికి నాలుకాయన వెళ్లాడు. ఇద్దరూ కలిసి దాన్ని వెనక తూము దగ్గరికి మోశారు. వంచగానే మొత్తం తెల్లగా వెళ్లిపోయి, అడుగున అరచేతి మందాన నల్లటి పెచ్చు కనిపించింది. ముక్కుకి తెలియనిది కంటికి తెలిసింది.

ఇద్దరూ ఇంటికి బయల్దేరారు.

"నాలుగు నెలలా?" అంది భార్య.

"పైన పదకొండు రోజులు."

"జ్వరం వచ్చాక మనిషి మారిపోయాడు, ఏది పెట్టినా తింటున్నాడని మా అక్కకి ఫోన్ చేసి మరీ చెప్పాను. ఇప్పుడు మళ్లీ చెయ్యాలి."

"ఉప్పు తెలుస్తుంది. నీ ఉప్పు ఎప్పుడూ సరిగ్గానే ఉండేది. అది అబద్ధం కాదు."

"చాల్లెండి" అంది. కొంతదూరం వెళ్లాక, "నాకు చెప్పుకోకూడదా? నేనేమైనా మార్కులు వేస్తానా?" అంది. వీధి దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. ఆమె ఆయన చెయ్యి పట్టుకోలేదు, దూరంగానూ నడవలేదు.

సోమవారం ఆఫీసుకి వెళ్లి, కోటు వేసుకోకుండానే మేనేజరుకి చెప్పాడు. మేనేజరు ఏమనాలో తెలియక కిటికీ తలుపు వేసి, మళ్లీ తీశాడు. ఆయనతో పాటు రుచి చూసే ఆవిడకే దెబ్బ తగిలింది.

"అయితే ముందు మీరు చెప్పండమ్మా అన్నది అందుకా?"

"అందుకే."

"నేనేమో ఇంటికెళ్లి మా ఆయనతో చెప్పుకున్నాను. పెద్దాయన నన్ను ముందు అడుగుతున్నాడని."

ఆయన తల వంచుకున్నాడు. ఆవిడ చెంచా తీసి బల్ల మీద పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. చివరికి పని సంగతికి వచ్చింది. ఆవిడ సెలవు పెట్టిన ఆరు రోజులు ఆయన ఒక్కడే మార్కులు వేశాడు. ఆ శాంపిళ్లు ఇంకా డబ్బాల్లో ఉన్నాయి. అవన్నీ ఆవిడ మళ్లీ కాచి రుచి చూసింది. ఆ గదిలో మొదటిసారి ఆయన గోడకానుకుని నిలబడి విన్నాడు, శబ్దం ఇంకొకరి నోట్లోంచి వస్తుంటే. చాలావరకు సరిపోయాయి. ఒక కొండవాలు తోటాయన ఆకు మాత్రం, చూపుకి ముతకగా ఉందని నాలుకాయన అట్టడుగు మార్కు వేసినది, ఆ వారంలో వచ్చిన అన్నింటిలోకీ మంచిది. తోటాయనకి ఉత్తరం రాయాలన్నారు. తప్పు నాదే అని సొంత చేత్తో రాస్తానన్నాడు. రాశాడు. జవాబు రాలేదు.

ఉద్యోగం తీసేయలేదు. ఎండాకును కంటితో, చేత్తో చూసి వేరుచేసే గది కింద ఉంది, అక్కడికి పంపారు. పై అంతస్తు బల్ల ఆవిడదయింది. డాక్టరు రావచ్చనీ అనలేదు, రాకపోవచ్చనీ అనలేదు. నాలుకాయన అనే పేరు మాత్రం మార్చడానికి ఎవరికీ తీరిక దొరకలేదు.

హోటలుకి మూడు వారాలు వెళ్లలేదు. నాలుగో వారం భార్యే తీసుకెళ్లింది. ఓడావిడ గిన్నె తెచ్చిపెట్టి, వాసన ఊసెత్తకుండా, "ఒళ్లెలా ఉంది సార్?" అని అడిగింది. "కాస్త పలచన" అన్నాడు. ఆవిడ మూతి తిప్పుకుని వెళ్లింది గాని, మంట పెంచింది.

ఇప్పుడు శనివారాలు అదే వాళ్ల లెక్క. గుమ్మం దగ్గరి నుంచే ఆ శబ్దం విని ఆయన వచ్చాడని తెలుసుకునేవాళ్లున్నారు. తిన్నాక భార్య ఏ వాసన ఎలా ఉందో చెబుతుంది. "ఇవాళ వెల్లుల్లి ముందొచ్చింది, వెనకాల ఏదో తడిచెక్కలా" అంటుంది. లెక్కల మనిషికి అంతకంటే పోలికలు రావు. ఆయన కళ్లు మూసుకుని వింటాడు. కొన్నిసార్లు తెలిసినట్టే ఉంటుందట. అలాగని తెలిసింది అని మాత్రం అనడు.

ఆయన గురించి రాసుకోవడానికి అలాంటి ఒక శనివారం పక్క స్టూలు మీద కూర్చున్న మనిషితో ఇదంతా ఆయన తాపీగా, దాచుకోకుండా చెప్పాడు. ఆ సాయంత్రం నిలబడి నిజం చెప్పడం చిన్న సంగతి కాదని ఆ మనిషి అన్నప్పుడు మాత్రం ఆయన మొహం ముడుచుకున్నాడు. లేచి, గోడ మేకుకి తగిలించిన కోటు తీసుకుని, భార్య వెనకే గుమ్మందాకా వెళ్లి, వెనక్కి వచ్చాడు.

"రాసేటప్పుడు బాగుందన్న మాట కూడా రాయండి" అన్నాడు. "మాడిందన్నదొక్కటే రాస్తే నేను మంచివాణ్ణయిపోతాను. ఆ రెండు మాటల మధ్య ఏడుగురు తిన్నారు."